అమ్మకి డిమెన్షియా కేర్ హోం చూస్తున్నాం. మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మల్కాజిగిరి_మాధవి

అమ్మకి 74. తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అని డాక్టర్లు తేల్చి నాలుగేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఇంట్లోనే చూసుకున్నాం. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోవట్లేదు, గడియ తీసుకుని రోడ్డు మీదకి వెళ్లిపోతోంది. నాన్నకి స్టెంట్లు వేశారు, ఆవిణ్ణి లేపి బాత్రూంకి నడిపించే ఓపిక ఆయనకి లేదు. ఏజెన్సీ పంపే అటెండెంట్లు పండక్కి ఊరెళ్తే మళ్లీ రారు. నాది షిఫ్టుల ఉద్యోగం. తమ్ముడు డాలస్‌లో.

రెండు చోట్లు చూశాం. ఒకటి కొంపల్లి వైపు కొత్త బిల్డింగు. లిఫ్టు, ఫిజియోథెరపీ గది, గోడల నిండా చెట్ల బొమ్మలు. నెలకి 65 వేలు, డిపాజిట్ 2 లక్షలు. రెండోది నాచారంలో పాత ఇండిపెండెంట్ ఇల్లు. పన్నెండు మంది ఉన్నారు, నెలకి 38 వేలు. రెండు చోట్లా ఒకటే మాట: ఇరవైనాలుగు గంటలూ నర్సు ఉంటుంది, ఇంట్లోలాగే చూసుకుంటాం. పావుగంట తిప్పి చూపించి పంపేశారు. ఆ పావుగంటలో నేను ఏం చూడాలి, ఏం అడగాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కరీంనగర్_కవిత

వాసన చూడు అక్కా. లోపలికి పోంగనే ఉచ్చకంపు కొట్టిందంటే అట్నుంచి అటే తిరిగి రా. మా నాయనమ్మ కోసం తిరిగినప్పుడు సగం హోంలు గట్లనే కొట్టేసిన.

వార్డు_సిస్టర్

కవిత గారు చెప్పింది సగమే నిజం. డైపర్ మార్చే వేళకి వెళ్తే ఎంత మంచి చోటైనా కాస్త వాసన వస్తుంది. అరగంట తర్వాత కూడా అదే ఉందా అన్నది చూడాలి. పరుపులకీ కుర్చీలకీ పట్టేసిన వాసన వేరు, అది నెలల నాటిది. మన కోసమే చల్లినట్టు ఫినాయిలు ఘాటుగా కొడుతున్నా నాకు అనుమానమే.

వృద్ధుల వార్డుల్లో ఇరవై ఏళ్లకి పైగా చేసిన నర్సుని. నేనైతే బిల్డింగు చూడను, అక్కడ ఉంటున్నవాళ్లని చూస్తాను. గోళ్లు కత్తిరించారా, పెదాలు ఎండి పగిలాయా, మగవాళ్లకి గడ్డం గీశారా, కళ్లజోడు తుడిచి ఉందా, చెవి మిషన్ చెవిలో ఉందా డబ్బాలో ఉందా. పళ్లు తోమించని నోరు మాట్లాడగానే తెలిసిపోతుంది. మంచం మీదే ఉండేవాళ్లకి మడమల దగ్గర, నడుం కింద పుండ్లు పడతాయి. వాళ్లని సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మార్చినట్టు కాగితం మీద రాయాలి. ఆ కాగితం చూపించమనండి. మీరు సాయంత్రం వెళ్లేసరికి అందులో రాత్రి రెండింటి దాకా టిక్కులు పెట్టేసి ఉంటే ఇక మాట్లాడేది ఏమీ లేదు, వచ్చేయండి.

మధ్యాహ్నం హాల్లో అందరూ కుర్చీల్లో తలలు వాల్చేసి ఉంటే ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోకండి. డిమెన్షియా ఉన్నవాళ్లు పదిమంది ఒకచోట ఉంటే కొంత అలికిడి ఉండాలి. ఒకరు తిరుగుతుంటారు, ఒకరు పిలుస్తుంటారు, ఒకరు కొంగు మడతపెడుతూ కూర్చుంటారు. అందరూ ఒక్కసారే జోగుతుంటే మత్తు వచ్చే మందులు ఇస్తున్నారేమో, మందుల చార్టు అడగండి.

ఇంకోటి, సాయంత్రం ఆరింటికి మళ్లీ వెళ్లండి.

గుంటూరు_రవి

సాయంత్రమే ఎందుకు సిస్టర్?

వార్డు_సిస్టర్

పొద్దు వాలే వేళకి చాలామందిలో కంగారు పెరుగుతుంది. ఇంటికెళ్లాలి, పిల్లలు స్కూల్ నుంచి వచ్చేస్తారు, అమ్మ పిలుస్తోంది అంటారు. సన్‌డౌనింగ్ అంటారు దాన్ని. సరిగ్గా అప్పుడే పగటి షిఫ్టు దిగుతుంది, మేనేజరు బండి తీసుకుని ఇంటికి పోతాడు. మిగిలినవాళ్లు ఎంతమంది, వాళ్లు ఏం చేస్తున్నారు అన్నదే అసలు హోం. ఉదయం పదకొండింటికి చూపించేది ఆఫీసు మాత్రమే.

రాత్రి ఎంతమంది మేలుకుని ఉంటారు అని అడగండి. "ఉంటారు" అంటే చాలదు. మేలుకుని. అక్కడే పడుకుని పిలిస్తే లేచేవాళ్లు లెక్కలోకి రారు. మీ అమ్మగారు రాత్రే తిరుగుతారు కాబట్టి మీకు ఇదే మొదటి ప్రశ్న.

గోదారి_మూర్తి

నేను చెప్పేది ఎవరికీ నచ్చదేమోనండి, అయినా చెబుతాను. కన్నతల్లిని డబ్బిచ్చి పరాయివాళ్లకి అప్పగించడం నా మనసు ఒప్పదు. మా నాన్నగారికి మతి పోయినప్పుడు మా అమ్మా, ఇద్దరు కోడళ్లూ, పాలేరూ కలిసి చివరిదాకా ఇంట్లోనే చూశారు. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుంటే ఇంట్లో కుదరదంటారా?

వైజాగ్_వాణి

మూర్తి గారూ, మీరే లెక్క చెప్పారు. అమ్మగారు, ఇద్దరు కోడళ్లు, పాలేరు. నలుగురు. మాధవి గారింట్లో ఆవిడా, గుండె జబ్బున్న నాన్నగారూ. మా అత్తగారిని ఆరేళ్లు నేనొక్కదాన్నే చూసుకున్నాను. రాత్రి ఆవిడ కొంగు నా చెయ్యికి కట్టుకుని పడుకునేదాన్ని, లేస్తే తెలియాలని. నాకు నడుం పోయింది, బీపీ వచ్చింది. పరాయివాళ్లకి అప్పగించడం అన్న మాట దయచేసి అనకండి. రాత్రంతా ఆవిడ పక్కన ఒక మనిషి మేలుకుని ఉండే చోటు వెతుకుతోంది ఆ అమ్మాయి.

గోదారి_మూర్తి

మీ బాధ అర్థమైందమ్మా. నా మాట కొంచెం కటువుగానే పడింది. నా అభిప్రాయం అలాగే ఉంది కానీ మాధవి గారి ఇంటి సంగతి వేరని ఒప్పుకుంటున్నాను. పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఇప్పుడు ఒక హోంలో ఉన్నారు, అప్పుడప్పుడూ వెళ్లి కూర్చుంటాను. అక్కడ ఆయాలకి తెలుగు రాదు. ఆయన హిందీ, ఇంగ్లీషు రెండూ మరిచిపోయారు, తెలుగొక్కటే మిగిలింది. దాహం అంటే వాళ్లకి తెలియదు. మూడుసార్లు అడిగి ఊరుకుంటారు. ఊరుకున్నారు కదా అని వాళ్లూ ఊరుకుంటారు. నేను వెళ్లిన రోజున శతక పద్యం ఎత్తుకుంటే నాలుగు పాదాలూ తప్పు లేకుండా చెబుతారండి. మీ అమ్మగారు తెలుగు టీచరు. ఆవిడతో తెలుగులో మాట్లాడే మనిషి ప్రతి షిఫ్టులో ఒకరైనా ఉన్నారా చూసుకోండి.

మల్కాజిగిరి_మాధవి

కొంపల్లిలో నేను చూసిన ఆయాలు ఎక్కువమంది ఒడియా వాళ్లు. ఇది నాకు తట్టనే లేదు మూర్తి గారూ.

కరీంనగర్_కవిత

ఒడియా పిల్లలని తీసెయ్యకు అక్కా. మా నాయనమ్మను ఒడియా పిల్లనే చూసింది, ఏడాదిల తెలంగాణ తెలుగు నేర్చింది. "అవ్వా, బువ్వ దినవా" అని బతిలాడి తినిపిస్తుండె. ఎంత కాలంగా అక్కడ్నే ఉంటున్నరో అడగాలె. నెలకో కొత్త మొఖం కనిపిస్తే మాత్రం మన ముసలోళ్లు ఎవ్వరినీ నమ్మరు, స్నానానికి రమ్మంటే కొడతరు.

కాజీపేట_కిరణ్

మా తాతయ్య స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యారు. హోంలో చేరాక అది వెయిటింగ్ రూం అనుకున్నారు. రోజూ సాయంత్రం సంచీ సర్దుకుని, బండి ఎప్పుడని సిస్టర్లని నిలదీసేవారు. మొదట చూసిన హోంలో "ఏ బండీ లేదు, కూర్చో" అన్నారు, మా ముందే. అక్కడ చేర్పించలేదు. రెండో చోట ఒక ఆయా "లేటుగా నడుస్తోంది సార్, ఈలోపు టీ తాగండి" అంది. తాతయ్య టీ తాగి, బండి ఎందుకు లేటైందో అరగంట ఆవిడకి వివరించి, పడుకున్నారు. తర్వాత ఆ హోంలో అందరూ ఆయన్ని మాస్టారూ అనే పిలిచేవాళ్లు. ఆదివారాలు నేను వెళ్తే "టికెట్ ఉందా?" అని అడిగి లోపలికి రానిచ్చేవారు.

కాబట్టి నేను చెప్పేది, ఎవరైనా ఒకరు కంగారు పడుతున్నప్పుడు స్టాఫ్ ఏమంటున్నారో పక్కన నిలబడి వినండి. అదొక్కటీ చాలు.

వార్డు_సిస్టర్

కిరణ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. అయితే అదొక్కటీ చాలదు. నోరు మంచిదైన చోట కూడా రాత్రి నర్సు లేకపోతే ప్రమాదమే.

మందులషాపు_నరేష్

సిస్టర్ గారు మందుల చార్టు అన్నారు కదా, దాంట్లో ఏం చూడాలో చెప్తాను. డోనెపెజిల్, మెమంటిన్ జబ్బు మందులు, అవి ఉంటాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్ కనిపిస్తే ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు ఆపుతారు అని అడగండి. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి ఈ రకం మందులు వాడితే చనిపోయే ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక వేయించింది, 2008లో హాలోపెరిడాల్ లాంటి పాత తరం మందులకి కూడా. అసలు వాడకూడదని కాదు. మనిషి తనకో పక్కవాళ్లకో హాని చేసుకునేంత పరిస్థితి ఉంటే డాక్టర్ చూసి తక్కువ డోసులో ఇస్తారు, మళ్లీ చూసి తగ్గిస్తారు. రాత్రి స్టాఫ్ తక్కువ ఉన్నారని ఇచ్చేది మాత్రం వైద్యం కాదు.

డిమెన్షియాలో ఇంకో రకం, లూయీ బాడీ డిమెన్షియా అయితే హాలోపెరిడాల్ లాంటివి ఒళ్లు బిగదీసి ప్రాణం మీదకి తెస్తాయి. అది ఉన్నవాళ్ల ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

బర్మింగ్‌హామ్_రాధిక

ఇక్కడ ఇంగ్లండ్‌లో కేర్ హోంలని సీక్యూసీ అనే ప్రభుత్వ సంస్థ తనిఖీ చేసి నాలుగు రకాల గ్రేడులు ఇస్తుంది. 2015 నుంచి ఆ గ్రేడుని హోం గుమ్మం దగ్గర, వెబ్‌సైట్‌లో కనపడేలా పెట్టి తీరాలి. రిపోర్టులో ఏ రోజు వచ్చాం, ఏం చూశాం అన్నీ ఉంటాయి. మన దగ్గర అలాంటిది ఏదైనా ఉందా?

డాలస్_శ్రీను

ముందే చెబుతున్నా, నేను మాధవి గారి తమ్ముణ్ణి కాదు :)

అమెరికాలో కేర్ కంపేర్ అని ప్రభుత్వ సైటు ఉంది. నర్సింగ్ హోంలకి ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తారు. శని ఆదివారాల్లో స్టాఫ్ ఎంత, ఏడాదిలో ఎంతమంది మానేశారు, ఎంత శాతం మందికి యాంటీసైకోటిక్ మందులు (నరేష్ గారు అడగమన్న రకం) ఇస్తున్నారు, అన్నీ కనిపిస్తాయి. ఇక్కడి తెలుగువాళ్లకి ఒక సంగతి: మెమరీ కేర్ అని బోర్డు పెట్టుకున్న అసిస్టెడ్ లివింగ్‌లు (పెద్దవాళ్లకి రోజువారీ పనుల్లో సాయం చేసే చోట్లు) అందులో ఉండవు, వాటి లైసెన్సు రాష్ట్రాల చేతిలో. వాటికి స్టార్లు లేవేంటి అని కంగారు పడకండి, రాష్ట్రం తనిఖీ రిపోర్టులు వెతకండి.

రాధిక గారూ, మన ఊళ్లో ఇలా పోల్చి చూసుకునే పట్టిక నాకైతే కనిపించలేదు. అందుకే మాధవి గారు తిరగాల్సి వస్తోంది.

నాంపల్లి_లాయర్

పట్టిక లేకపోయినా చట్టం ఉంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే జ్ఞాపకశక్తికి వచ్చే తీవ్రమైన లోపం కూడా ఉంది. ఆ చట్టం కింద నడిచే చోట గొలుసులు వేయడం పూర్తిగా నిషేధం, సెక్షన్ 95. సెక్షన్ 97 ప్రకారం కట్టేయడం అన్నది, అప్పటికప్పుడు హాని జరగబోతోంది, ఇంకే దారీ లేదు అన్నప్పుడు మాత్రమే. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, రికార్డు రాయాలి. స్టాఫ్ చాలక కట్టాం అన్న జవాబు ఆ సెక్షన్ ముందు నిలబడదు. మీ రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద, సర్టిఫికెట్ చూపించండి అని అడగండి. నసిగితే గుర్తుపెట్టుకోండి.

గుంటూరు_రవి

లాయర్ గారూ, మంచాలకి రెయిలింగ్ వేయడం కూడా కట్టేసినట్టేనా? మా నాన్న దాని మీంచి దూకబోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు.

వార్డు_సిస్టర్

చట్టం సంగతి లాయర్ గారు చెప్తారు, నర్సుగా నేను చెప్తా. లేచి తిరిగే ఓపిక ఉన్న మనిషికి రెయిలింగ్ వేస్తే దాన్ని దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. మంచం ఎత్తు తగ్గించాలి, కింద మెత్తటి మ్యాట్ వేయాలి, బాత్రూం దారిలో రాత్రంతా చిన్న లైటు ఉండాలి, బాత్రూం తలుపు మీద బొమ్మ ఉండాలి. రాత్రి లేచేవాళ్లలో చాలామంది లేచేది బాత్రూం కోసమే. పడుకునే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తీసుకెళ్తే సగం తిరుగుడు తగ్గుతుంది.

గోదారి_మూర్తి

సీసీ కెమెరాలున్నాయా అని అడగమని ఎవరూ చెప్పలేదేమండి?

డాలస్_శ్రీను

నేను చెబుదామనుకున్నా. ఫోన్‌లో లైవ్ ఇచ్చే హోంలు ఉన్నాయి. దూరంగా ఉన్నవాళ్లకి అదే ధైర్యం.

వార్డు_సిస్టర్

నాకు ఒప్పుదల లేదు శ్రీను గారూ. బాత్రూంలో కూడా దెబ్బలు తగులుతాయి, అక్కడ కెమెరా పెట్టకూడదు. గదిలో కెమెరా పెడితే మీ అమ్మగారికి బట్టలు మార్చేది ఎవరెవరు చూస్తారు? హాల్లో, వరండాలో, గేటు దగ్గర పెట్టనివ్వండి.

డాలస్_శ్రీను

గది సంగతి ఒప్పుకుంటాను. కానీ హాలు లైవ్ ఉంటే తప్పేంటి? నెలకోసారైనా వచ్చి చూసే అవకాశం లేనివాళ్లం మేము. మాకు ఇంకేం మిగిలింది?

వైజాగ్_వాణి

శ్రీను గారి బాధలో న్యాయం ఉంది. ఊళ్లోనే ఉన్న చుట్టాన్నో స్నేహితుణ్నో వేళాపాళా లేకుండా వెళ్లి పలకరించి రమ్మనండి. కెమెరా కంటే అదే నయం. అన్నట్టు మాధవి గారూ, మొదటి పదిహేను రోజులు రావద్దు, అలవాటు పడాలి అంటారు కొన్నిచోట్ల. నేను ఒప్పుకోను. ఆ మొదటి రోజుల్లోనే తిండి మానేస్తారు, పడిపోతారు. వాళ్ల మనిషి పక్కన కూర్చోవాల్సింది అప్పుడే.

కాజీపేట_కిరణ్

దీంట్లో వాణి గారితో కొంచెం తేడా. మా తాతయ్య మేం వెళ్లొచ్చాక గంటలు గంటలు ఏడ్చేవారు. భోజనం టైముకి వెళ్లి, తినిపించి, ఆయన టీవీ చూస్తుండగా మెల్లగా వచ్చేయమని అక్కడి సిస్టరే నేర్పింది. రావద్దు అనే హోంకీ, ఎలా వస్తే బాగుంటుందో చెప్పే హోంకీ చాలా తేడా ఉంది.

కరీంనగర్_కవిత

తిండి గురించి ఎవ్వరు చెప్పలే. రాత్రి భోజనం ఎన్ని గంటలకో అడుగు అక్కా. కొన్ని హోంలల్ల ఆరు కాకముందే పెట్టేస్తరు, మళ్ల పొద్దున ఎనిమిదికి టిఫిను. షుగర్ ఉన్నోళ్లు పద్నాలుగు గంటలు ఖాళీ కడుపుతోని ఎట్లుంటరు?

వార్డు_సిస్టర్

మంచి మాట. తినిపించేటప్పుడు చూడండి. నిటారుగా కూర్చోబెట్టాలి, ఆయా కూడా ఎదురుగా కూర్చోవాలి. నిలబడి పైనుంచి గబగబా కుక్కుతుంటే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. తినిపించే ఓపిక లేక ముక్కులో పైపు వేయిద్దాం అనే చోట్లు నాకు తెలుసు. ఇప్పటికి ఎంతమందికి పైపు ఉంది, ఎవరు నిర్ణయించారు అని అడగండి.

ఉన్నట్టుండి మనిషి మరీ అయోమయంగా అయితే జబ్బు ముదిరిందని వదిలేయకుండా యూరిన్ టెస్టు చేయిస్తారా అని కూడా అడగండి. ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవ్వొచ్చు, మందు వేస్తే చాలామంది తేరుకుంటారు.

గుంటూరు_రవి

డబ్బు దగ్గర జాగ్రత్త. మా నాన్నున్న చోట నెల ఫీజు కాక డైపర్లు, గ్లౌజులు, డాక్టర్ విజిట్, బార్బరు, ఏసీ కరెంటు అన్నీ విడివిడిగా వేసేవాళ్లు. డైపర్లు మేమే కొనిచ్చినా బిల్లులో మళ్లీ కనిపించేవి. ఏది ఫీజులో ఉంది, ఏది లేదు రాయించుకోండి. మధ్యలో తీసుకొచ్చేస్తే, లేదా మనిషి పోతే, డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా.

మల్కాజిగిరి_మాధవి

అందరి మాటలూ కాగితం మీద రాసుకుని, చెప్పకుండా సాయంత్రం వెళ్లొచ్చాను.

కొంపల్లిలో గేటు దగ్గరే ఆపేశారు. అపాయింట్‌మెంట్ లేదని చాలాసేపు కూర్చోబెట్టి, తర్వాత మూడో అంతస్తు చూపించారు. డిమెన్షియా వాళ్లందరూ అక్కడే. లిఫ్టుకి నంబర్ లాక్. కిందకి ఎప్పుడు దింపుతారంటే ఫిజియోథెరపీకి అన్నారు. రాత్రి నర్సు మాత్రం నిజంగానే ఉంది, చార్టు అడిగితే చూపించింది, టిక్కులు ఆ టైము దాకానే ఉన్నాయి. మందుల గురించి అడిగితే డాక్టర్‌తో ఫోన్ కలిపి మాట్లాడించింది.

నాచారంలో లోపలికి రమ్మన్నారు. ఒక ఆయా ఎత్తుపీట మీద కూర్చుని ఒక పెద్దాయనకి పెరుగన్నం తినిపిస్తోంది, ఆయన ఊళ్లో చెరువు గురించి మాట్లాడుతూ. పెరట్లో తులసి కోట చుట్టూ ఇద్దరు తిరుగుతున్నారు. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నానంది ఆ ఆయా. కానీ రాత్రికి పన్నెండు మందికీ ఆవిడొక్కతే. నర్సు ఫోన్‌లో ఉంటుందట. రిజిస్ట్రేషన్ అడిగితే ఓనరు లేరన్నారు.

మనసు నాచారం వైపు లాగుతోంది. భయం కొంపల్లి వైపు తోస్తోంది.

కాజీపేట_కిరణ్

నాచారం. పెరుగన్నం తినిపించే మనిషి దొరకడం కష్టం.

వార్డు_సిస్టర్

వద్దు కిరణ్ గారూ. రాత్రి నడిచే మనిషిని, పన్నెండు మందికి ఒక్క ఆయా ఉన్న చోట పెట్టమని నేను చెప్పలేను. ఆ ఆయా ఎంత మంచిదైనా రాత్రి రెండింటికి ఒకరిని బాత్రూంలో పట్టుకుని ఉంటే మిగతా పదకొండు మందిని ఎవరు చూస్తారు? ఇద్దరు కావాలి, అందులో ఒకరు శిక్షణ ఉన్నవాళ్లు కావాలి. నాచారం ఓనరుతో ఆ మాట అనండి. రెండో మనిషి జీతంలో కొంత మేం కలుపుతాం, మిగతా కుటుంబాలతోనూ మాట్లాడతాం అని చెప్పండి. కుదరదంటే కొంపల్లిలో రోజూ గంటసేపు కింద తోటలో తిప్పుతామని రాసిమ్మనండి. దానికీ కుదరదంటే మూడోది వెతకండి.

నాంపల్లి_లాయర్

రిజిస్ట్రేషన్ కాగితం చూడకుండా నాచారంలో డిపాజిట్ కట్టకండి. ఓనరు లేరన్నది జవాబు కాదు, అది గోడ మీద ఉండాల్సిన కాగితం.

బర్మింగ్‌హామ్_రాధిక

మూడోది వెతకాల్సి వస్తే ఏఆర్‌డీఎస్ఐ వాళ్లని అడగండి. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సొసైటీ, హైదరాబాద్‌లో కూడా శాఖ ఉంది. ఇంట్లో చూసుకునే కుటుంబాలు అక్కడ కలుస్తుంటాయి, ఏ హోం ఎలా ఉందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్ లైన్ అనే ఫోన్ నంబరు కూడా ఉంది, ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే దానికి చెప్పొచ్చు.

మల్కాజిగిరి_మాధవి

నాచారం ఓనరు ఫోన్ ఎత్తారు. రెండో మనిషికి ఒప్పుకుంటారట, మిగతా కుటుంబాలు కూడా అడుగుతున్నాయట. కాగితాలు సోమవారం చూపిస్తానన్నారు. చూశాకే మాట్లాడతాను. ఈలోపు ఏఆర్‌డీఎస్ఐకి ఫోన్ చేస్తున్నా.

ఒకటి అడగాలి. అమ్మ చేతికి నాలుగు బంగారు గాజులు, మెడలో పుస్తెలతాడు. రెండు హోంలూ తీసేసి పంపమంటున్నాయి. తీయబోతే అమ్మ ఏడుస్తోంది.

వైజాగ్_వాణి

ఒక్కసారే తీయకండి. అచ్చం అలాంటివే గిల్టువి చేయించండి, స్నానం చేయించేటప్పుడు ఒక్కోటీ మార్చండి. మా అత్తగారికి అలాగే చేశాం. పుస్తెలతాడు పసుపుతాడుగా మార్చాం, పసుపు రాస్తుంటే ఆవిడే కూర్చుని మెడ వంచింది.

వార్డు_సిస్టర్

కళ్లజోడు, కట్టుడు పళ్ల డబ్బా, చెవి మిషన్, చీరల అంచుల మీద పేరు రాయండి. హోంలలో మొదట కలిసిపోయేవి అవే. చేర్చే రోజు వెంట్రుకల దగ్గర్నుంచి కాలి మడమ దాకా ఒళ్లంతా నర్సుతో కలిసి చూసి, ఉన్న మచ్చలూ దెబ్బలూ రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. రాత్రి ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వెళ్తారు అన్నది కూడా ఆ కాగితం మీదే.

గోదారి_మూర్తి

చేర్చాక చెప్పమ్మా. మా అమ్మాయి ఉండేది తార్నాకలోనే. నేను వచ్చినప్పుడల్లా నాచారం వెళ్లి ఆవిడతో పద్యాలు చెప్పిస్తాను.